821కి బదులుగా

గవర్నర్‌పేట, విజయవాడ
12 జూన్ 2006

ఒరేయ్ గంగాధర్,

క్షేమసమాచారాలు తర్వాత. ముందు నా కడుపుమంట విను.

మన వ్యాసం తీసేస్తారంట. బస్సెక్కే ముందు పదకొండు పేజీలు చేత్తో రాసి నా చేతిలో పెట్టావు చూడు, 'ఈ-మెయిలు ఎలా ప్రయాణం చేస్తుంది' అని, అదే. నెట్ సెంటర్లో జనం లేని మధ్యాహ్నాలు చూసుకుని వారం రోజులు టైపు చేశాను. తెలుగు విజ్ఞాన సర్వస్వం సైట్లో పెట్టాను. మూడో రోజుకి దాని నెత్తిన ఎర్రపెట్టె ప్రత్యక్షం. 'ఈ వ్యాసానికి మూలాలు లేవు. నెలలోగా చూపనిచో తొలగించబడును.' తొలగించబడునంట! మున్సిపాలిటీ వాళ్ళు బడ్డీకొట్టుకి అంటించే నోటీసులా.

అంటించిన పెద్దమనిషి పేరు వెంకటకృష్ణారావు. ఆ సైట్లో వచ్చేవీ పోయేవీ చూస్తుంటాడు. చర్చ పేజీలో నిలదీశాను. "ఇందులో ఒక్క ముక్క తప్పుందా? ఉంటే చూపించు" అన్నాను. "తప్పని నేననలేదండీ. ఒప్పని చదివేవాడికి ఎలా తెలుస్తుందని అడుగుతున్నాను" అన్నాడు. ఏం చెప్పాలిరా? ఇది రాసినవాడు ఇంటరు ఇంగ్లీషు రెండుసార్లు తప్పాడు, పక్కన నిఘంటువు పెట్టుకుని మూడేళ్ళు కౌంటరు వెనక కూచుని ఆ ఇంజనీర్ల కాగితాలు చదివాడు, అలా తెలుసు అని రాశాను. ఇంకో రెండు మాటలు కూడా రాశాను. అవి నీకు చెప్పను. అక్కడా ఉంచలేదు, తీసేశారు.

డిగ్రీలున్నోడు నోటికొచ్చింది రాస్తే జ్ఞానం. మనం రాస్తే మూలాలు కావాలి.

నువ్వు ఏ ముక్క ఏ కాగితంలో చదివావో నెంబరుతో సహా రాసి పంపు. ఫోను చేస్తే ఐసు ఫ్యాక్టరీకే చెయ్యాలి, ఆ హోరులో ఏమీ వినపడదంటావు కాబట్టి ఉత్తరమే రాయి. కామెర్లు తగ్గాయా? రెండు నెలల్లో వస్తానన్నావు. నీ కుర్చీలో ఎవర్నీ కూచోనివ్వట్లేదు. షాపు ఆయనదే అయినా బసవపున్నయ్య గారు కూచోబోతే విరిగిందని చెప్పాను.

ఇష్తియాక్

*

గిలకలదిండి, బందరు
20 జూన్ 2006

ఇష్తీ,

నీ ఉత్తరం చదివి నవ్వాను. నవ్వితే దగ్గొస్తుందని అక్క కసురుకుంది.

ఆయన అడిగింది న్యాయంరా. మా రేవులో వేలంపాట దగ్గర చేప తాజాగా ఉందని నోటితో చెబితే ఎవడూ వినడు. మొప్ప ఎత్తి చూపించాలి. ఎర్రగా ఉంటే పాట లేస్తుంది. అక్కడ మనం ఎవరమన్నది ఎవడికీ పట్టదు. ఆయన మొప్ప ఎత్తమన్నాడు, నువ్వు మీసం మెలేశావు.

ఇదిగో నెంబర్లు. నేను నేర్చుకున్నదంతా ఆర్.ఎఫ్.సి. 821 లోది. ఆయనకి ఆ కాగితాల సంగతి తెలిసే ఉంటుంది. చదివేవాళ్ళకి తెలియదు కాబట్టి అడుగున ఒక వాక్యం రాయి: ఇంటర్నెట్టు ఎలా నడవాలో ఇంజనీర్లు రాసి ఒప్పుకున్న కాగితాలివి, ఒక్కోదానికి ఒక నెంబరు, ఒకసారి అచ్చయ్యాక అందులో అక్షరం కూడా మార్చరు.

ఉత్తరం దారి గురించి రాసిన పేరాకి 3.6 భాగం అని పెట్టు. అది నాకిష్టమైన పేరా. మా నాన్న మంగరాజు చేపల ఐసుపెట్టె మూత మీద సుద్దతో ఊళ్ళు రాసేవాడు. పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు, బెజవాడ. ఏ ఊరు దాటితే ఆ ఊరి మనిషి తన ఊరి పేరు చెరిపి, పెట్టె వెనకవైపు రాసేవాడు. ఖాళీ పెట్టె తిరిగి రావాలంటే దారి తెలియాలిగా. ఈ-మెయిలుకి కూడా అచ్చం అంతే అని 821లో చదివిన రోజు గుర్తుందా నీకు? కుర్చీలోంచి లేచి అరిచాను. ఇంటర్నెట్టు కనిపెట్టినవాళ్ళు మా రేవుకొచ్చి చూసిపోయారనిపించింది.

ఆ వ్యాసం నిలబడితే చాలు నాకు. నాలాంటి తెలుగు మీడియం వాడు ఇంకొకడు మూడేళ్ళు పోగొట్టుకోకుండా గంటలో చదువుకుంటాడు. ఇంకేం చేశాను నేను, చెప్పు.

నాకేం, బాగానే ఉన్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను.

గంగాధర్

*

గవర్నర్‌పేట
3 జూలై 2006

ఒరేయ్ గంగా,

ఎర్రపెట్టె ఎగిరిపోయింది!

నువ్వు చెప్పినట్టే 821 అని పెట్టాను. రావు గారు మళ్ళీ తయారు. "821 పాతదండీ, 1982 నాటిది. దానికి బదులుగా 2821 వచ్చి అయిదేళ్ళయింది. చూడగలరు" అన్నాడు. చూడగలరంట. చూడ్డానికేముంది, 821 ఉన్నచోటల్లా ముందు 2 తగిలించాను. పావుగంట పని. పెట్టె తీసేశాడు. గెలిచాం.

మినపసున్నుండలు పంపుతాను, తబస్సుం చేసింది. మా చెల్లి చేతిలో తీపి ఎక్కువ, నువ్వే ఓర్చుకోవాలి.

ఇష్తియాక్

*

గిలకలదిండి
11 జూలై 2006

ఇష్తియాక్,

2821 నువ్వు చదివావా?

ఈ ఒక్క ప్రశ్నకి జవాబు రాయి. చదవలేదని నాకు తెలుసు. నేనూ చదవలేదు. మనిద్దరం చూడని కాగితాన్ని నా వ్యాసం కింద సాక్షిగా నిలబెట్టావు. ఆ సాక్షి ఏం చెబుతుందో మనకే తెలీదు. రేవులో ఇలా చేసేవాణ్ణి ఏమంటారో నీకు చెప్పక్కర్లేదు. మొప్పకి రంగు పూసేవాడంటారు.

మూలం లేదని తీసేస్తే తీసెయ్యనీ. దొంగసాక్ష్యంతో నిలబడ్డం నాకొద్దు.

ఇంకొకటి. నువ్వు తెచ్చిన సీడీలో కాగితాలు పందొమ్మిది వందల చిల్లర నెంబరు దగ్గర ఆగిపోయాయి. అంతకు మించి లేవన్నావు. మరి 2821 ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఆ కాగితం అచ్చు తీసి పంపు. త్వరగా పంపు.

సున్నుండలు అందాయి. అక్క తింది. నాకు పథ్యం.

గంగాధర్

*

బెంజ్ సర్కిల్, విజయవాడ
6 ఆగస్టు 2006

గంగా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను.

ఆ సీడీ బీసెంట్ రోడ్డు ఫుట్‌పాత్ మీద దొరికింది. అట్ట మీద 1996 అని ఉంది. నేను చూశాను. సంవత్సరంతో ఏం పని, విజ్ఞానమేమైనా పాచిపోద్దా అనుకున్నాను. కొత్త నెంబర్లు వస్తూనే ఉంటాయని పోయినేడు తెలిసింది. అప్పటికి నువ్వు 821 మూడోసారి చదువుతున్నావు, అంచుల నిండా పెన్సిలుతో తెలుగు అర్థాలు. నీకు చెప్పకుండా దాచాను. నీ మూడేళ్ళూ పాత కాగితాల మీద పోయాయి, దానికి కారణం నేను. వెంకటకృష్ణారావు కాదు, డిగ్రీలున్నోళ్ళు కాదు, నేను. అరవడానికి ఎవరూ దొరక్క నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

నీ ఉత్తరం వచ్చాక చర్చ పేజీలో ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాను. రావు గారు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "దారి పేరాకి, ఆ కాగితానికి పొసగట్లేదు. ఉత్తరం మీద దారంతా రాసే పద్ధతి ఇప్పుడు వాడకూడదు, ఎవరైనా రాసినా పట్టించుకోనక్కర్లేదు అని అందులో ఉంది" అని ఇంగ్లీషు వాక్యం తీసి చూపించాడు. నీ ఐసుపెట్టె పేరా కొట్టేశారు. చూస్తూ కూచున్నాను.

2821 దీంతో పెట్టాను. డెబ్బై తొమ్మిది పేజీలు. అచ్చు తీస్తుంటే బసవపున్నయ్య గారొచ్చి "కాగితం మీ తాతదిట్రా?" అన్నాడు. నేనేమన్నానో అనవసరం. ఇప్పుడు బెంజ్ సర్కిల్లో కేబుళ్ళు లాగే షాపులో ఉన్నాను. పై అడ్రసు అదే. నీ కుర్చీని కాపాడలేకపోయాను.

నేను రెండో పేజీ దాటలేకపోయాను. నువ్వైతే చదువుతావు. తిట్టాలనుంటే తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

ఇష్తియాక్

*

గిలకలదిండి
22 సెప్టెంబరు 2006

ఇష్తీ,

తిట్టడానికి ఓపిక లేదు, చదవడానికి ఉంది. మొత్తం చదివాను.

మూడేళ్ళు పోలేదురా. 821 అంతగా చదివి ఉండకపోతే ఈ డెబ్బై తొమ్మిది పేజీలు నెలన్నరలో నాకు లొంగేవా? కొత్త కాగితం నెత్తిన ఏం రాశారో చూశావా, నువ్వు చదివిన మొదటి పేజీలోనే ఉంది. '821కి బదులుగా'. అంతే. 821 తప్పని ఎక్కడా అనలేదు. దాన్ని తీసెయ్యలేదు. ఇప్పటికీ అదే నెంబరుతో, అదే తారీకుతో అలాగే ఉంది, దాని మీద గీత కూడా పెట్టలేదు. కొత్తది వచ్చి పక్కన కూచుంది. ఎంత మర్యాదస్తులో చూడు.

వ్యాసం మళ్ళీ రాశాను. ఆరు పేజీలు. ఐసుపెట్టె పేరా నేనే వదిలేశాను. ఇప్పుడు నిజం కానిది మా నాన్నదైనా ఉండకూడదు. దాని బదులు ఇది రాశాను చూడు:

'ఉత్తరం తీసుకున్నానని ఒక కంప్యూటరు ఒప్పుకున్న క్షణం నుంచి దాని బాధ్యత ఆ కంప్యూటరుదే. చిన్నాచితకా కారణాలతో పోగొట్టకూడదు. అవతలివైపు తలుపు తియ్యకపోతే అరగంట ఆగి మళ్ళీ తట్టాలి. కనీసం నాలుగైదు రోజులు ప్రయత్నం మానకూడదు. అప్పటికీ అందించలేకపోతే, అందలేదన్న మాట పంపినవాడికి చెప్పి తీరాలి.'

ఇందులో ప్రతి వాక్యానికీ భాగం నెంబరు వేశాను. చెప్పి తీరాలి అన్నచోట వాళ్ళు పెద్ద అక్షరాలు వాడారు. అంటే వేరే దారి లేదని.

చివరి నాలుగు పేజీలు నా రాత కాదని గొడవచేస్తావు. వేలికి గాలం గుచ్చుకుంది. నేను చెబుతుంటే సుధామణి అక్క రాసింది. తనకి ఇంగ్లీషు రాదు, అక్షరాలు ముగ్గేసినట్టు చూసి వేసింది. నెంబర్లు జాగ్రత్తగా టైపు చెయ్యి.

ఆయన చూసి సరేనన్నాక ఆ పేజీ అచ్చు తీసి పంపు. అంతా అక్కర్లేదు. అడుగున నెంబర్లుండే ముక్క చాలు.

గంగాధర్

*

బెంజ్ సర్కిల్
12 అక్టోబరు 2006

ఒరేయ్ గంగా,

ముందు సంగతి: నీ వ్యాసం ఒప్పుకున్నారు. ఒక్క అక్షరం మార్చలేదు.

రావు గారు ఏం రాశాడో వినిపిస్తాను. "ప్రతి మూలాన్నీ నిజంగా చదివి రాసిన వ్యాసం నేనిక్కడ అరుదుగా చూశాను. రచయితకి నా నమస్కారాలు చెప్పండి." ఆయన బందరు కాలవ ఒడ్డునే పుట్టాడంట, సొంతూరు ఉయ్యూరు దగ్గర. మొదట్లోనే చెప్పొచ్చుగా, తిట్లు తగ్గేవి.

ఇప్పుడు నా నేరం. ఇదంతా అయిదో తారీకునే అయ్యింది. అచ్చు కూడా అదే రోజు తీశాను. పోస్టు చెయ్యలేదు. ఈ ఒక్కటి నీ చేతికి నేనే ఇవ్వాలి, ఇచ్చి నీ మొహం చూడాలి. రంజాన్ పండగ మర్నాడు షాపు సెలవు. పొద్దున్నే బందరు బస్సెక్కుతాను. సేమ్యా తెస్తాను, పథ్యమంటే ఊరుకోను. గాలం గుచ్చుకున్న వేలు కూడా చూపించాలి నువ్వు. అయిదు నెలలుగా బాగానే ఉన్నానంటున్నావు. బాగున్నవాడు ఈపాటికి తిరిగొచ్చేవాడు. మొప్ప ఎత్తి చూస్తాను.

నేను చెప్పానని అక్కకి చెప్పు, నెంబర్లు ముత్యాల్లా ఉన్నాయి.

నీ ఇష్తియాక్

*

గిలకలదిండి
18 అక్టోబరు 2006

తమ్ముడు ఇష్తియాక్‌కి సుధామణి రాసేది.

గంగ పన్నెండో తారీకు పొద్దున పోయాడు. నువ్వు ఉత్తరం మీద తారీకు వేసిన రోజే. అది మాకు పదహారున అందింది, నాలుగో రోజున. చూసుకుని ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది నాయనా.

వాడికి కామెర్లు కాదు. చిన్నప్పుడు కీళ్ళు వాచిన జ్వరానికే గుండె లోపల తలుపు పాడైందంట. బెజవాడలో పెద్ద డాక్టరుకి చూపిస్తే ఆపరేషనుకి వేళ మించిపోయిందన్నాడు. అది తెలిసే ఇంటికొచ్చేశాడు. నీకు చెబుతానంటే ఒట్టు వేయించుకున్నాడు. "వాడికి కోపం ఎక్కువక్కా, డాక్టర్లతో కొట్లాడతాడు" అన్నాడు. గాలమూ లేదు, ఏమీ లేదు. చేతులకి నీరొచ్చి పెన్ను పట్టుకోలేకపోయేవాడు. పడుకుంటే ఊపిరాడేది కాదు. గోడకి దిండ్లేసి కూచోబెడితే ఆ కాగితాలు ఒళ్ళో పెట్టుకునేవాడు. ఒక వాక్యం చెప్పేవాడు, ఆగేవాడు, మళ్ళీ చెప్పేవాడు.

పోయిన రోజు నీ పాత షాపుకి ఐసు ఫ్యాక్టరీ నుంచి ఫోను చేయించాను. ఆ పేరుగలవాడు ఇక్కడ లేడని పెట్టేశారు. నీ కొత్త అడ్రసు వాడి ఉత్తరాల్లో ఎక్కడుందో వెతికే స్థితి కాదు నాది. మొన్న నీ ఉత్తరం కవరు చూశాకే తెలిసింది.

ఆఖరి వారం పోస్టుమాన్ వచ్చే వేళకి గుమ్మం వైపు తిప్పి కూచోబెట్టమనేవాడు. నువ్వు ఎందుకు పంపలేదో ఇప్పుడు చదివాను. నిన్ను నేనేమీ అనను. వాడూ అనడు.

ఆ వ్యాసంలో సంగతులు నాకు తెలీవు. కానీ వాడు చెప్పి రాయించిన ఒక్క మాట నాకు అర్థమైంది, మనుషులకి చెప్పినట్టే ఉంది. అందించలేకపోతే ఆ మాట పంపినవాడికి చెప్పి తీరాలని. వేరే దారి లేదన్నాడు.

అందుకే రాస్తున్నాను తమ్ముడూ. నీ ఉత్తరం వాడికి అందలేదు.

పండగకి ఇంట్లో ఉండు. తర్వాత రా.

సుధామణి

*

బెంజ్ సర్కిల్
15 డిసెంబరు 2006

సుధామణి అక్కకి ఇష్తియాక్ నమస్కారాలు.

నేనొచ్చిన రోజు మీతో ఒక్క మాట కూడా సరిగ్గా మాట్లాడలేదు. తెచ్చిన అచ్చు కాగితం వాడి ఫోటో ముందు పెట్టి, తిరిగి బస్సెక్కేశాను. పామర్రు వచ్చేదాకా కిటికీ వైపే ఉన్నాను. ఉయ్యూరు, కంకిపాడు. కండక్టరు ఊళ్ళ పేర్లు పిలుస్తుంటే చెవులు మూసుకున్నాను.

మీరు సంచీలో పెట్టిచ్చిన 2821 కాగితాలు తెరవడానికి రెండు వారాలు పట్టింది. అంచులనిండా వాడి పెన్సిలు. ముందు పేజీల్లో గుండ్రటి రాత. ముప్పయ్యో పేజీ నుంచి వంకర్లు. యాభై దాటాక మాటలు లేవు, గీతలు మాత్రమే. వాడి అర్థాలు పట్టుకుని నేనూ చదివాను అక్కా. రోజుకి రెండు పేజీలు, మూడు పేజీలు. డెబ్బై తొమ్మిదీ అయ్యాయి. వాడున్నప్పుడు రెండో పేజీ దాటనివాణ్ణి.

చదువుతూ వ్యాసంలో ఉన్న నెంబర్లన్నీ సరిచూశాను. ఇరవై ఆరున్నాయి. ఇరవై అయిదు సరిపోయాయి. నాలుగైదు రోజులు ప్రయత్నించాలన్న వాక్యానికి మాత్రం 4.5.1.4 అని ఉంది. ఆ కాగితంలో అలాంటి భాగం లేదు. ఉండాల్సింది 4.5.4.1. మీరు పంపిన పేజీ తీసి చూశాను, అందులోనూ అలాగే ఉంది. వాడే అలా చెప్పాడో, మీ చెయ్యే తిరగేసిందో నాకు తెలీదు. మీరు బాధపడొద్దు. రావు గారంతటివాడు కూడా కనిపెట్టలేదు.

నేనూ చూడనట్టు ఊరుకుందామనుకున్నాను. వాడి నోటి నుంచి వచ్చింది, అందులో నేను చెయ్యి పెట్టడమేంటి అనిపించింది. మూడు రోజులు షాపులో కేబుళ్ళు లాగుతూ అదే ఆలోచన. వాడుంటే ఏమనేవాడో నాకు తెలుసు. తెలిసీ మూడు రోజులు పట్టింది.

నిన్న మార్చాను.

ఆ సైట్లో 'చరిత్ర' అని ఒక మీట ఉంది అక్కా. నొక్కితే పాత రూపాలన్నీ వరసగా వస్తాయి. మీరు వేసిన 4.5.1.4 అక్కడ అలాగే ఉంది. ఇంకా కిందికి వెళ్తే మీ నాన్నగారి ఐసుపెట్టె కూడా ఉంది, పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు, బెజవాడ. మీరు ఈసారి బెజవాడ వస్తే చూపిస్తాను.

మార్పు చేసినప్పుడు కింద చిన్న గడి వస్తుంది. ఎందుకు మార్చారో ఒక ముక్క రాయమంటుంది. ఇదివరకు ఎప్పుడూ ఖాళీగానే వదిలేవాణ్ణి. నాకెందుకు సంజాయిషీ అని.

ఈసారి రాశాను. 'కాగితం చదివాను.'

ఇష్తియాక్